వార్త చదివిన గొంతు గుర్తుంది - తెచ్చిన మనిషి ఏడీ?

- అవనిగడ్డ విలేకరి

నవంబరు 19 వస్తే మా దివిసీమలో పెద్దవాళ్ళు ఒకసారి ఆకాశం వంక చూస్తారు. 1977లో ఆ రోజు సాయంత్రం సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. అంతకన్నా ఎక్కువేనని ఇక్కడివారు ఇప్పటికీ అంటారు. నాగాయలంక, కోడూరు వైపు ఇంటికొక కథ వుంది. ఆ కథలన్నిటిలోనూ ఒక వస్తువు కనపడుతుంది. అది రేడియో. కొందరి కథలో అది చూరుకు వేలాడుతూ గరగరమంటుంది. కొందరి కథలో బురదలో దొరుకుతుంది. కొందరి కథలో అసలు వుండదు. "మా పాలెంలో రేడియో వుండి వుంటేనా!" అని ఆ కథ ముగుస్తుంది.

నేను ఆ ఉప్పెన తరువాత పుట్టినవాణ్ణి. పెద్దలు చెప్పగా విన్నదే. అయితే విలేకరిగా ఈ మండలంలో తిరుగుతున్న కొద్దీ ఒక సంగతి నన్ను తొలుస్తోంది. రేడియోలో వార్తలు చదివిన వారి పేర్లు ఊరూరా చెబుతారు. ఆ వార్తను బురదలో నడిచి, ఫోను పట్టుకుని, కాగితం మీద పెట్టి పంపిన విలేకరి పేరు అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఇది ఒక వ్యక్తికి జరిగిన అన్యాయమని కాదు ఇక్కడ చెప్పేది. ఆ విలేకరి పనిని మనం మరిచిపోయినందువల్ల మనకు జరుగుతున్న నష్టం గురించి చెప్పాలని.

పేరున్న గొంతులు

"వార్తలు చదువుతున్నది..." అని వినపడగానే చేతిలో పని ఆపిన తరం ఒకటి వుంది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన వారిలో సినిమా నటుడు కొంగర జగ్గయ్య గారు ఒకరు. సినిమాల్లో పేరు రాకముందే ఆయన గొంతు రేడియో ద్వారా తెలుగువారికి పరిచయం. పన్నాల సుబ్రహ్మణ్య భట్టు గారి పేరు చెబితే ఇప్పటికీ డెబ్భై ఏళ్ళవారు ఆ పద్ధతిలోనే అనుకరించి చూపిస్తారు. తెలుగులో వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళెం మంగమ్మ గారు. హైదరాబాదు నుంచి డి. వెంకట్రామయ్య గారు, విజయవాడ నుంచి ప్రయాగ రామకృష్ణ గారు ప్రాంతీయ వార్తలు చదివితే మన పక్కింటి పెద్దమనిషి చెబుతున్నట్లే వుండేది. వెంకట్రామయ్య గారు మంచి కథలు కూడా రాశారు.

ఈ గౌరవం వారికి తగినదే. అయితే పది నిమిషాల బులెటిన్‌లో వారి నోటి నుంచి వచ్చిన మాటలు వారు పుట్టించినవి కావు. వెనుక ఒక వార్తా విభాగం వుంటుంది. సంపాదకుడు, విలేకరి, అనువాదకులు, టైపు చేసేవారు వుంటారు. జిల్లాల్లో పార్ట్‌టైము విలేకరులు వుంటారు. వీరి పేరు బులెటిన్‌లో చాలా భాగం "మా విలేకరి" అనే రెండు మాటలే. "మా విలేకరి తెలియజేస్తున్నారు" అంటే ఎవరో ఎవరికీ తెలియదు. తెలియవలసిన అవసరం వున్నదని కూడా ఎవరూ అనుకోలేదు.

ఒక విలేకరి బతుకు

తెలుగునాట రేడియో విలేకరి అనగానే జర్నలిస్టు లోకంలో తలచుకునే పేర్లలో భండారు శ్రీనివాసరావు గారిది ఒకటి. ఆయన మొదట విజయవాడలో 'ఆంధ్రజ్యోతి' పత్రికలో పనిచేశారు. 1975లో ఆకాశవాణి హైదరాబాదు ప్రాంతీయ వార్తా విభాగంలో విలేకరిగా చేరారు. 1987లో రేడియో మాస్కో తెలుగు విభాగానికి వెళ్ళి కొన్నేళ్ళు సోవియట్ దేశంలో పనిచేశారు. అవి ఆ దేశపు చివరి సంవత్సరాలు. తిరిగి వచ్చి ఆకాశవాణి, దూరదర్శన్‌లలో కొలువు పూర్తి చేసి, విరమణ తరువాత ఆ జ్ఞాపకాలను రాస్తూ వచ్చారు.

ఈ నాలుగు వాక్యాలలో ఎంత చరిత్ర ఇమిడి వుందో ఒకసారి గమనించాలి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చింది. పత్రికలకు సెన్సారు పెట్టారు. రేడియో సరేసరి, అది ప్రభుత్వ శాఖే. అటువంటి ఏడాదిలో ప్రభుత్వ రేడియోలో విలేకరిగా చేరడమంటే కత్తి మీద సాము. అక్కడి నుంచి 1987 దాకా రాష్ట్రంలో ముఖ్యమంత్రులను లెక్కపెట్టండి. జలగం వెంగళరావు, చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఎన్.టి. రామారావు, 1984లో నెల రోజుల పాటు నాదెండ్ల భాస్కరరావు. పన్నెండేళ్ళలో ఏడుగురు. ఒకే సచివాలయం మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఏడుగురి మాటలనూ ఒకే పది నిమిషాల కొలతలో పెట్టవలసిన ఉద్యోగం అది. నిన్నటిదాకా ప్రతిపక్షంలో వున్నవారు ఇవాళ అధికారంలో వుంటారు. రేడియో విలేకరి మాత్రం అదే కుర్చీలో, అదే కలంతో వుంటాడు.

పత్రికా విలేకరికి రాత్రి పది గంటల దాకా టైము వుంటుంది. రాసింది పొడుగైతే డెస్కువారు కోస్తారు. పొరపాటు పడితే మరునాడు సవరణ వేస్తారు. రేడియో విలేకరికి ఆ వెసులుబాటు లేదు. గడియారం ముల్లు దగ్గర పడేసరికి కాగితం స్టూడియోలో వుండాలి. ఒకసారి గాలిలోకి పోయిన మాటను వెనక్కి పిలవలేరు. పైగా వినేవాడికి పేజీ తిప్పి మళ్ళీ చదువుకునే వీలు లేదు. అందువల్ల వాక్యం పొట్టిగా వుండాలి. ఎవరు, ఎక్కడ అన్నది ముందే చెప్పాలి. అంకెలు గుర్తుండేలా చెప్పాలి. "పైన పేర్కొన్న" అనే మాటకు రేడియోలో చోటే లేదు, అక్కడ పైనా కిందా వుండవు గనుక.

ఈ పద్ధతి చదువు రానివారికి చేసిన మేలు తక్కువది కాదు. పల్లెకు పత్రిక మొదటి బస్సుకు వచ్చేది. బస్సు రాని ఊరికి మరునాడు వచ్చేది. చదివి చెప్పేవాడు దొరికితేనే అది వార్త. రేడియో అలా కాదు. పంచాయతీ ఆఫీసు మీద మైకు పెట్టి వినిపించిన రోజుల్లో కూలికి పోయే ఆడమనిషి కూడా దారిలో నిలబడి ప్రాంతీయ వార్తలు విని పోయేది. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎరువు ఎక్కడ దొరుకుతుంది, కలెక్టరు ఏమన్నాడు అన్నవి ఆమెకూ, మోతుబరికీ ఒకే క్షణాన తెలిసేవి. ఇది చిన్న విషయం కాదు.

ఎగతాళికీ కారణం వుంది

అంతా మంచే చెబితే పాఠకులు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆకాశవాణిని జనం ఎగతాళి చేసిన రోజులు వున్నాయి. అత్యవసర పరిస్థితిలో "ఆలిండియా రేడియో" పేరును "ఆలిందిరా రేడియో"గా మార్చి పిలిచారు. మంత్రిగారి పర్యటన ముందు, వరదలో కొట్టుకుపోయిన వంతెన వెనుక అన్న వరస చాలాకాలం నడిచింది. ప్రతిపక్షం వారికి రేడియో మీద వుండే కోపం అధికారంలోకి రాగానే చల్లారడం కూడా మనం చూసినదే.

1977లో ప్రభుత్వం మారాక బి.జి. వర్గీస్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. రేడియో, టెలివిజన్లను ప్రభుత్వం చేతి నుంచి తప్పించి స్వతంత్ర సంస్థకు అప్పగించాలని ఆ కమిటీ చెప్పింది. ప్రసార భారతి చట్టం 1990లో గానీ రాలేదు. అమలులోకి రావడానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్య 1995లో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఇన్ని జరిగినా వార్తల వరస పూర్తిగా మారిందని ఎవరూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు.

అయినా ఒక తేడా చూడాలి. సర్కారు రేడియో కొన్ని వార్తలు చెప్పకుండా దాచింది నిజమే. అది తప్పే. కానీ మా జిల్లాలో జరగని గండిని జరిగిందని, చావని మనిషిని చచ్చాడని చెప్పిందని పెద్దవారెవరూ నాతో అనలేదు. చెప్పినంత వరకు గట్టిగా విచారించి చెప్పడం ఆ విభాగంలో ఒక అలవాటు. పై అధికారి సంజాయిషీ అడుగుతాడన్న భయంతో వచ్చిన అలవాటు కావచ్చు. ఎలా వచ్చినా అది మంచి అలవాటే. దాని విలువ నాకు ఒక రాత్రి తెలిసివచ్చింది.

ఒక రాత్రి జరిగిన సంగతి

2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో కృష్ణకు వచ్చిన వరద పాఠకులకు గుర్తుండే వుంటుంది. ప్రకాశం బరాజు నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. విజయవాడలో బుడమేరు ముంచింది. కింద మా లంకల్లో పంటలు, ఇళ్ళు నీళ్ళలో పడ్డాయి. కరకట్ట మీద జనం రాత్రంతా లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకుని కాపలా కాశారు.

ఆ రాత్రి ఎనిమిది దాటాక నా సెల్‌ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. కట్టకు గండి పడినట్టు, నీళ్ళు సుడులు తిరుగుతున్నట్టు వుంది. కింద మా పక్క ఊరి పేరు రాసి వుంది. అయిదు నిమిషాల్లో అదే ఫోటో పదిమంది పంపారు. పదిమంది పంపారు గనుక నిజమేననుకున్నాను. డెస్కుకు ఫోను చేసి "గండి పడినట్టు సమాచారం" అన్నాను. అవతలి సబ్ ఎడిటరు గారు ఒకే మాట అడిగారు: "నువ్వు చూశావా?"

"చూసినవాళ్ళు చెప్పారు సార్" అన్నాను.

"ఎవరు చూశారు? పేరు చెప్పు."

నా దగ్గర పేరు లేదు. ఆయన ఆ వార్త పక్కన పెట్టారు. పత్రిక పరువు దక్కింది. నా పరువు దక్కలేదు. ఎందుకంటే ఈలోగా ఊళ్ళోవాళ్ళు నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. "ఏమయ్యా విలేకరీ, కట్ట తెగిందంట గదా, నిజమేనా?" అని అడిగితే "అవునంట బాబాయ్, జాగ్రత్త" అన్నాను. విలేకరి అవునన్నాడన్న మాట నిమిషాల్లో ఊరు దాటింది. చీకట్లో, వానలో, గొడ్లను విప్పుకుని, పిల్లలను చంకన వేసుకుని జనం పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఒక ముసలావిడ బోదెలో పడి తుంటి విరిగింది. ఆవిడ నాకు వరసకు పెద్దమ్మ అవుతుంది.

కట్ట తెగలేదు. ఒకచోట ఊట వస్తే ఇసుక బస్తాలు వేశారు. ఫోటో ఎక్కడిదో, ఏ ఏటిదో ఇంతవరకు తెలియదు. కరకట్ట మీద కాపలా వున్న ఒక కుర్రాడికి ఒక్క ఫోను చేసి వుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నేను చేయలేదు.

మరునాడు పొద్దున పెద్దమ్మను ఆస్పత్రికి తీసుకుపోతూ ఆటోలో రేడియో వార్తలు విన్నాను. బరాజు దగ్గర నీటి మట్టం, వదులుతున్న నీరు, సహాయ శిబిరాలు, ఇంతే. గండి మాట లేదు. ఆ లేని మాట విన్నప్పుడు నాకు సిగ్గు వేసింది. వార్త అంటే చెప్పేది మాత్రమే కాదు, తేలేదాకా చెప్పకుండా ఆగేది కూడా అని ఇంటర్మీడియట్ చదివిన నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. రేడియోలో జీవితమంతా గడిపిన విలేకరులకు అది రోజూ చేసే పని.

పెద్దమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మా మంచికే చెప్పావు లేరా అబ్బాయ్" అంది. తిట్టినా బాగుండేది.

ఎవరు విన్నా, వినకపోయినా

"ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు?" అని అడిగేవారు వున్నారు. మా మండలంలో తిరిగి చూస్తే వినేవారు తక్కువేనన్నది నిజం. టీ కొట్టులో టీవీ వుంది. చేతిలో సెల్ వుంది. ట్రాన్సిస్టరు పాడైతే బాగుచేసే మనిషి దొరకడు. కొత్త సెల్‌ఫోన్లలో చాలావాటికి రేడియో మీట కూడా వుండడం లేదు. ఆకాశవాణి వారు సెల్‌ఫోనులో వినే ఏర్పాటు చేశారు గానీ దానికి డేటా కావాలి, టవరు పనిచేయాలి.

అసలు చిక్కు అక్కడే వుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అంత పెద్ద నగరంలోనే అలా అయితే, సముద్రం అంచున వున్న మా పాలేల గతి చెప్పనక్కర లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ మావైపు ఫోన్లు అందక జనం ఇబ్బంది పడ్డారు. టీవీకి కరెంటు కావాలి. సెల్‌కు టవరు కావాలి, టవరుకు డీజిలు కావాలి. ట్రాన్సిస్టరుకు రెండు బ్యాటరీలు చాలు. ఎక్కడో వంద మైళ్ళ అవతల స్తంభం నిలబడి వుంటే ఇక్కడ మాట వినపడుతుంది. మీడియం వేవు గొప్ప అదే. విజయవాడ స్టేషను 837 మీద వస్తుందని మా నాన్నగారి తరానికి చీకట్లో ముల్లు తిప్పినా తెలిసేది.

మరో సంగతి పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి ఇవ్వలేదు. 2011లో నిబంధనలు సడలించినప్పుడు కూడా ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా తిరిగి వినిపించడానికే ఒప్పుకున్నారు. అంటే రేడియోలో వార్త అన్నది ఆకాశవాణి వార్తా విభాగం ఒక్కదాని భుజాల మీద వున్నట్టు. ఆ విభాగంలో విలేకరులు తగ్గితే, ఆ ఖాళీని నింపడానికి రేడియోలో మరొకరు లేరు. ఖాళీని నింపేది నాకు వచ్చినటువంటి ఫోటోలే.

1977కూ 1990కీ తేడా చూడండి. 1990 మే 9న వచ్చిన తుపాను కూడా మన కృష్ణా తీరం మీదే విరుచుకుపడింది. అది 1977 నాటిదానికి తీసిపోయింది కాదు. కానీ పోయినవారు వెయ్యి లోపు. లక్షలాది మందిని ముందే కదిలించారు. తుపాను షెల్టర్లు వచ్చాయి, రాడార్లు, ఉపగ్రహాలు వచ్చాయి, అధికారులు మేల్కొన్నారు. వీటన్నిటితోబాటు చెప్పిన మాటను జనం నమ్మారు. నమ్మబట్టే ఇల్లూ వాకిలీ వదిలి కదిలారు. ఆ నమ్మకం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున, సాయంత్రం చిన్న చిన్న వార్తలు సరిగ్గా చెప్పడం వల్ల వచ్చింది. కాలువ నీళ్ళ వార్త సరిగ్గా చెప్పినవాడు తుపాను వార్త చెబితే నమ్ముతారు. రోజూ అబద్ధం చెప్పేవాడు ఆ ఒక్కరోజు నిజం చెప్పినా ఎవరూ కదలరు.

చేయవలసిన పనులు

ఇంతా చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు. మా జిల్లా వరకు చేయదగిన పనులు కొన్ని వున్నాయి. వీటికి కోట్లు అక్కరలేదు.

మొదటిది, తీరంలో వున్న ప్రతి తుపాను షెల్టరులో, ప్రతి పంచాయతీ ఆఫీసులో బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరు ఒకటి వుండాలి. మీడియం వేవు, ఎఫ్ఎం రెండూ వచ్చేది కొనాలి. తుపాను కాలం వచ్చే ముందు బ్యాటరీలు మార్చి, అది పలుకుతున్నదో లేదో చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు కొన్నట్టే ఇదీను. పలికే ట్రాన్సిస్టరు ఒక్కటి వుంటే చాలు, వందమంది చుట్టూ కూర్చుని వినవచ్చు.

రెండవది, తుపాను, వరద రోజుల్లో ఆకాశవాణి వారు మామూలు బులెటిన్లతో సరిపెట్టక, మండలాల పేర్లతో గంటగంటకూ సమాచారం చెప్పాలి. "కోస్తా జిల్లాల్లో భారీ వర్షాలు" అంటే మాకు పనికిరాదు. ఏ కట్ట బాగుంది, ఏ దారి తెగింది, పడవ ఎక్కడ వుంది అన్నది కావాలి. అది చెప్పాలంటే మండలం స్థాయిలో విచారించి చెప్పే మనిషి వుండాలి. ఆ పని చేసే పార్ట్‌టైము విలేకరికి పెట్రోలు ఖర్చుకైనా సరిపోయేటట్టు ప్రతిఫలం ఇవ్వాలి. ఊరికే వచ్చే వార్త ఎలా వుంటుందో నా అనుభవమే చెప్పింది.

మూడవది, రిటైరైన రేడియో విలేకరులు, వార్తా సంపాదకులు ఇంకా మన మధ్య వున్నప్పుడే వారి జ్ఞాపకాలను రికార్డు చేయాలి. పాటలకు, నాటకాలకు ఆకాశవాణి దగ్గర భద్రపరిచిన రికార్డులు వున్నాయి. ప్రాంతీయ వార్తలు ఆ రోజుకా రోజు చదివి వదిలేసినవి. కాగితం చిత్తు అయిపోయింది, గొంతు గాలిలో కలిసిపోయింది. ఒక జిల్లా యాభై ఏళ్ళ చరిత్ర అలా పోయింది. భండారు శ్రీనివాసరావు గారివంటివారు తమంతట తాము రాసుకోబట్టి ఆ సంగతులు కొన్ని అయినా మిగిలాయి. రాయనివారి సంగతి ఏమిటి? జిల్లా కేంద్ర గ్రంథాలయం వారు, జర్నలిజం చెప్పే కాలేజీల వారు పూనుకుంటే ఇది పెద్ద పని కాదు. ఒక కుర్రాడు, ఒక సెల్‌ఫోను, రెండు గంటల తీరిక చాలు.

నాలుగవది మా పత్రికల వారికి, ముఖ్యంగా నావంటి పల్లె విలేకరులకు. పదిమంది పంపిన మాట ఒక మనిషి చూసిన మాటతో సమానం కాదు. చూసిన మనిషి పేరు దొరికేదాకా నోరు కట్టుకోవాలి. రాసే వార్త విషయంలో మాత్రమే కాదు, ఫోనులో బాబాయికి చెప్పే మాట విషయంలో కూడా. ఊరివాళ్ళకు మన రాతకన్నా మన నోటి మాటే ముందు చేరుతుంది.

పాత రేడియోలకు లైసెన్సు వుండేది. 1980ల నడిమి దాకా పోస్టాఫీసుకు పోయి రుసుం కట్టి, పుస్తకం మీద ముద్ర వేయించుకుని వచ్చేవారు. మా ఇంట్లో తాతగారి లైసెన్సు పుస్తకం ఇంకా వుంది. రేడియో లేదు. ఏటేటా డబ్బు కట్టి మరీ విన్నారు కాబట్టి ఆ రేడియో తమదన్న భావం వారికి వుండేది. ఇప్పుడు కట్టనక్కర లేదు గనుక అడగడం కూడా మానుకున్నాం. ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పిన గాలి తరంగాల మీద, మా ఊరి కట్ట గురించి నిజం వినే హక్కు మాకు వుంది. దాన్ని అడగాలి.

ఈ మధ్య మా పంచాయతీ వారిని అడిగితే ట్రాన్సిస్టరు విషయం వచ్చే సమావేశంలో పెడతామన్నారు. పెట్టేదాకా ఆగకుండా పెద్దమ్మ తన పెట్టెలో వున్న పాత సెట్టు బయటికి తీసింది. నేను బ్యాటరీలు తెచ్చి వేశాను. మొదట గరగరమంది. ముల్లు మెల్లగా తిప్పితే మనిషి గొంతు వచ్చింది. వార్తలు. చదువుతున్నవారి పేరు చెప్పారు. తరువాత "మా విలేకరి" అన్నారు.

"ఎవర్రా ఆ విలేకరి?" అని అడిగింది పెద్దమ్మ.

"తెలియదు పెద్దమ్మా" అన్నాను. "కానీ చూసే చెప్పి వుంటాడు."